బోడిగుండంత సుఖం

ఫిబ్రవరి 2

తేదీ ఖాయమైంది. వచ్చే శనివారం. తల వెనక నుంచి వెంట్రుకలు కుదుళ్ళతో సహా ఒక్కొక్కటే తీసి ముందు నెత్తి మీద నాటుతారు. నారు నాటినట్టే, ఏం భయం లేదు అన్నాడు నెత్తి డాక్టరు. (ఆయనకు పెద్ద డిగ్రీ ఏదో ఉంది. నాకు మాత్రం ఆయన నెత్తి డాక్టరే.)

మా కళ్ళజోళ్ళ షాపులో జనం పలచబడ్డారు. వెనకాల అద్దాలు అరగదీసే గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. సెలవు కావాలి కాబట్టి ఓనరు పెద్దాయనకు నిజం చెప్పక తప్పలేదు. ఆయన కళ్ళజోడు కిందకు దించి నా తల వైపు తీరిగ్గా చూశాడు.

"ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారయ్యా. ఉన్న సుఖాన్ని చేజేతులా పోగొట్టుకుంటానంటావేమిటి?"

ఆయనకు డెబ్బై దాటాయి. దువ్వెన గుచ్చితే నిలబడేంత జుట్టు. ఉన్నవాళ్ళకు సామెతలు బాగానే వస్తాయి. ఫ్రేము సరిచెయ్యాలంటే వచ్చినవాళ్ళ ముందు వంగి ముక్కు దగ్గర చూడాలి, అంటే రోజంతా నా నడినెత్తిని ఊళ్ళోవాళ్ళకు చూపించడమే నా ఉద్యోగం. పైగా ఎటు తిరిగినా అద్దమే.

అయినా అసలు కారణం అది కాదు. పోయిన నెల పిల్లను కంటి పరీక్షకు తీసుకెళ్తే అక్కడి నర్సు, "తాతయ్య దగ్గర కూర్చోమ్మా, అమ్మ ఇప్పుడే వచ్చేస్తుంది" అంది. అప్పుడే లోపలికి వస్తున్న మా ఆవిడ విని నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల, నాకింకా నలభై నిండలేదు. ఆ నవ్వు సాయంత్రం దాకా మొహానికి అతుక్కుని నొప్పి పెట్టింది.

ఇంకో సంగతి కూడా ఉంది. గుడ్లమ్మను భుజాల మీద ఎక్కించుకుంటే దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. (సోడాబుడ్డి అద్దాల్లోంచి కళ్ళు ఇంతింత కనిపిస్తాయి, అందుకని నేను పెట్టిన పేరు. ఏడాది నిండకుండానే అంత పవరు పడింది పాపం.) నున్నటి నెత్తి మీద చేతులు జారి జారి చివరికి నా చెవులు రెండూ పట్టుకుంటుంది. నా కూతురికి గుప్పెడు జుట్టు కావాలి. అంతకు మించి నాకేం కోరిక లేదు.

మా ఆవిడ ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"కోయించుకుంటారో నాటించుకుంటారో మీ ఇష్టం. తర్వాత లోషన్లూ మాత్రలూ అని మాత్రం ఇంట్లో పెట్టొద్దు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్ల ఉంది."

"ఒకసారి నాటితే ఇక అయిపోయినట్టే. మందులేం ఉండవు."

"ఒట్టు?"

"ఒట్టు."

"నా మీద కాదు. దాని మీద వెయ్యండి."

గుడ్లమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అది కళ్ళజోడు పట్టీ కొస చీకుతూ నన్ను చూసి నవ్వింది. ఆ ఫ్రేము నేనే బిగించాను, ఆ మెత్తటి పట్టీ నేనే కత్తిరించి వెనక్కి కట్టాను. మా షాపులో అంత చిన్న కళ్ళజోడు ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదు.

మందుల గురించి నెత్తి డాక్టరు ఏదో అన్నాడు. అది తర్వాతి సంగతి.


ఫిబ్రవరి 9

అయింది. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచాను. నా తల అనిపించడం లేదు.


ఫిబ్రవరి 10

ఎత్తుగా తలగడలు పేర్చి, వాటికి ఆనుకుని కూర్చునే నిద్ర. నాటిన చోట ఎండిపోకుండా ఉప్పునీళ్ళు చల్లుతూ ఉండాలని స్ప్రే సీసా ఇచ్చారు. మా ఆవిడ గంటగంటకూ వచ్చి చల్లుతోంది. "నా మొక్కలకు కూడా ఇంత చాకిరీ చెయ్యలేదు" అంటుంది గానీ, ఆ చల్లడంలో ఎంత మెత్తదనమో. కళ్ళు మూసుకున్నాను. ఇలాంటి భార్య ఉన్నవాడికి జుట్టెందుకు అని కూడా అనిపించింది, కాసేపు.


ఫిబ్రవరి 11

మొహం వాచి కళ్ళు మూసుకుపోయాయి. గుడ్లమ్మ నన్ను చూసి భయపడి ఏడ్చింది.


ఫిబ్రవరి 24

నాటిన చోట కట్టిన పక్కులు రాలిపోయాయి. కింద నల్లగా, బొడిపెలు బొడిపెలుగా, నిలబడి ఉన్నాయి. వేలు పెడితే గరుకు. నాకు నుదురంటే ఇదీ అని ఒక హద్దు వచ్చింది. టోపీ పెట్టుకుని షాపుకు వచ్చాను. పెద్దాయన టోపీ ఎత్తి చూసి, "ఓ, నారు పచ్చగా ఉందే" అన్నాడు. ఎంత సంతోషంగా ఉందంటే, ఆయన మాట కూడా తియ్యగా వినిపించింది.


మార్చి 7

దిండు మీద ఉన్నాయి.

మొదట పిల్లవి అనుకున్నాను. తర్వాత అద్దం ముందుకు వెళ్ళి నుదురు మీద తుడిస్తే చేతికి వచ్చేశాయి, కుదుళ్ళతో కాదు, ఊరికే, తడిబట్టకు పొడి అంటుకున్నట్టు. ఇంకోసారి తుడిచాను. ఇంకోసారి. ఆపలేకపోయాను. ఒక్క పూటలో మళ్ళీ తాతయ్యనయ్యాను.

మా ఆవిడ తలుపు కొట్టి, "ఏమైందండీ?" అంది. "ఏం లేదు" అన్నాను.


మార్చి 8

నెత్తి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన కంగారేం పడలేదు.

"షాక్‌కి రాలుతాయండీ, అందరికీ రాలేవే. మొదటి రోజే చెప్పాను. నాటినవి మళ్ళీ వాటంతటవే వస్తాయి, కొన్ని నెలలు ఓపిక పట్టండి. చుట్టూ మిగిలిన పాత జుట్టు నిలవాలంటే మాత్రం మందు వాడాలి."

రోజుకు రెండుసార్లు నెత్తికి రాసే లోషను, ఒక మాత్ర. నాకు వినిపించింది ఒక్కటే, మందు వాడాలి. ఇంటికొచ్చే దాకా అదే జపం.

మాత్రలు షాపులోనే ఉంటాయి, నా సొరుగులో పాత కళ్ళజోడు డబ్బాలో. లోషను మాత్రం ఇంట్లో ఉండాలి. దాని సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, మా ఆవిడ కళ్ళకు పవరు లేదు, ఇట్టే చదివేస్తుంది.


మార్చి 9

నా బుర్రకు నేనే దండం పెట్టుకోవాలి. మా ఇంట్లో ఉప్పయినా నిండుకుంటుందేమో గానీ, అద్దాలు తుడిచే నీలం స్ప్రే సీసాలు నిండుకోవు. షాపులో పెద్ద క్యాను నుంచి నింపి వచ్చినవాళ్ళందరికీ ఊరికే ఇస్తాం. అందులో ఒక ఖాళీ సీసా తెచ్చి లోషను అందులో పోశాను. అదీ నీళ్ళలాగే ఉంది, వాసన కూడా దగ్గర దగ్గరే. స్నానాలగదిలో పై అరలో, గడ్డం సబ్బు వెనకాల పెట్టాను. నాది అని నాకు తెలియడానికి మెడకు ఒక రబ్బరు బ్యాండు.

కళ్ళెదురుగా ఉన్నదాన్ని ఎవరూ వెతకరు.

ఒట్టు సంగతి గుర్తుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టానులే.


మార్చి 16

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేతులు సబ్బుతో కడుక్కుంటాను, టోపీ పెట్టుకుంటాను, ఆ తర్వాతే పిల్లను ముట్టుకుంటాను. ఇంత జాగ్రత్తగా ఉండేవాడికి ఒట్టుతో పనేముంది.


మార్చి 29

"ఈమధ్య మీ షాపు నీళ్ళు బాగోవట్లేదండీ" అంది మా ఆవిడ, గుడ్లమ్మ అద్దాలు తుడుస్తూ. "ఎంత తుడిచినా జిడ్డు జిడ్డుగా ఉంటోంది. రెండు మూడుసార్లు కొట్టాల్సి వస్తోంది."

"నీళ్ళది కాదు తప్పు, నీ గుడ్డది. మెత్తటి గుడ్డతో ఒకే వైపుకి తుడవాలి. గుండ్రంగా తిప్పకూడదు" అని అరగంట పాఠం చెప్పాను. నేర్చుకున్న విద్య ఇంట్లోవాళ్ళకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం. పాపం శ్రద్ధగా విని, నేను చెప్పినట్టే తుడిచింది. అద్దాలతో ఆపదు తను. ముక్కు మీద ఆనే మెత్తలు, చెవుల దగ్గర కొసలు, పట్టీ అంతా. నోట్లో పెట్టుకుంటుంది కదా, శుభ్రంగా ఉండాలంటుంది.


ఏప్రిల్ 10

మందు అనుకున్నదానికంటే ముందే అయిపోతోంది. చెయ్యి జారి ఎక్కువ కొట్టేస్తున్నానేమో. పోనీ, ఎక్కువైతే మంచిదేగా. ఇంకో సీసా తెచ్చి పోశాను.


ఏప్రిల్ 22

నెత్తి మీద ఏమీ లేదు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూస్తుంటే మా ఆవిడ పిలిచింది.

"ఇటు రండి ఒకసారి. దీని కణతల దగ్గర చూడండి, సన్నగా నూగు. వెలుతురులోకి తిప్పితే నల్లగా ఉంది."

చూశాను. పట్టీ వెళ్ళే దారిలో, చెవి పైనుంచి నుదుటి దాకా. బుగ్గల మీద కూడా కొంచెం.

"నాకు పొయ్యాల్సింది దేవుడు దానికి పోస్తున్నాడు" అన్నాను. నవ్వింది గానీ, మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉంది.


మే 4

అత్తగారు వచ్చారు. పిల్లకు స్నానం చేయిస్తూ, "ఏమ్మా, వీపంతా ఇలా ఉందేమిటి? మోకాళ్ళ మీద కూడానూ. మన వైపు ఎవరికీ లేదు ఇలాగ" అన్నారు.

మన వైపు లేదంటే ఎవరి వైపు ఉన్నట్టు? మా వైపు ఉన్నదంతా బట్టతలలే కదా అని అందామనుకున్నాను. తువ్వాల్లో చుట్టి నా చేతికిస్తే నేనూ చూశాను. వీపు మీద, భుజాల మీద, కాళ్ళ మీద నల్లటి నూగు. రెండు కనుబొమలూ మధ్యలో కలిసిపోయాయి. రోజూ చూసే పిల్లే, నేనెప్పుడు చూశాను దాన్ని? రెండు నెలలుగా నేను చూసిందంతా నా నెత్తే.

"డాక్టరుకు చూపిద్దాం" అంది మా ఆవిడ. గొంతు మామూలుగా లేదు.


మే 10

పిల్లల డాక్టరమ్మ తలపండిన మనిషి. గుండె వింది, మళ్ళీ వింది, ముడుచుకున్న మొహంతో మూడోసారి వింది. గుండె వేగంగా కొట్టుకుంటోందట. అంత చిన్న చేతికి పట్టీ చుట్టి బీపీ కూడా చూసింది. తక్కువగా ఉందట. ఇదంతా అయ్యాక అడిగింది:

"ఇంట్లో ఎవరైనా జుట్టు పెరగడానికి ఏదైనా మందు వాడుతున్నారా? నెత్తికి రాసుకునేది?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది.

"లేదండీ. ఈయన ఆపరేషన్ చేయించుకున్నారు గానీ మందులేం లేవు. పిల్ల మీద ఒట్టు కూడా వేశారు." కొంచెం గర్వంగా నవ్వింది కూడా.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "మీరేమీ వాడట్లేదా?"

"లేదండీ" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది మాట.


మే 11

ఆలోచించి చూస్తే నేను చెప్పింది అబద్ధమే గానీ, దానివల్ల నష్టం లేదు. మందు రాసుకున్న చేతులు కడుక్కుంటున్నాను. నా తల దాన్ని ముట్టుకోనివ్వడం లేదు. దిండు వేరు, తువ్వాలు వేరు. నా నెత్తి మీది మందు దాని వీపు మీదికి ఎలా వెళ్తుంది? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం కాకపోతే.

రక్తపరీక్షలు చేయిస్తున్నారు. ఏదో దొరుకుతుంది. దొరికినదానికి వైద్యం ఉంటుంది.

మందు ఆపుదామా అని పొద్దున ఒక నిమిషం అనిపించింది. ఇప్పుడిప్పుడే ముందు వైపు ఏదో మొలుస్తున్నట్టుంది. ఇప్పుడు ఆపితే అంతా పోతుంది.


మే 15

రక్తంలో ఏమీ లేదు. గుండె మాత్రం ఇంకా పరుగెడుతూనే ఉంది. కడుపులో, మూత్రపిండాల పైన గడ్డలాంటిదేమైనా ఉంటే ఇలా ఒంటినిండా వెంట్రుకలు వస్తాయట. స్కాన్ తియ్యాలి. కదలకుండా ఉండాలి కాబట్టి పిల్లకు మత్తిస్తారు. గుండె ఇలా ఉన్నప్పుడు మత్తు అంటే కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి అంది డాక్టరమ్మ, ఆ కొంచెం అన్న మాటను నెమ్మదిగా అంది.

గడ్డ.

మా ఆవిడ బస్సు దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అత్తగారు మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు.


మే 16

సూదులు గుచ్చిన చేతులు చూపించి ఏడుస్తోంది గుడ్లమ్మ. ఏడ్చి ఏడ్చి అద్దాలు మసకబారుతున్నాయి. మా ఆవిడ తుడుస్తూనే ఉంది, తుడుస్తూనే ఉంది.


మే 18

పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. సగం అయింది. మా ఆవిడ వెనక నుంచి వచ్చి, నా భుజం మీదుగా చెయ్యి చాపి, పై అరలోంచి సీసా తీసింది. రబ్బరు బ్యాండు ఉన్న సీసా. మూత తిప్పి, తన చేతిలో ఉన్న బుల్లి సీసాలోకి వంచింది. బయటికి వెళ్ళేటప్పుడు పిల్ల సంచిలో పెట్టుకునే సీసా అది. వంచుతూ ఏదో చెబుతోంది, రేపు ఎన్నింటికి బయల్దేరాలి, పిల్లకు ఎప్పటినుంచి ఏం పెట్టకూడదు అని. ఇదంతా అద్దంలో చూశాను. నేను అద్దంలో చూస్తున్నది జరుగుతున్నదేనని తెలియడానికి చాలాసేపు పట్టింది.

"అది... దేనికి?" అన్నాను.

"అద్దాలకి. కింద అరలోది ఎప్పుడో అయిపోయింది. మీరు పైన దాచినట్టున్నారుగా, దాన్లోంచే నింపుకుంటున్నా. షాపు నుంచి ఇంకోటి తెండి, ఇదీ అయిపోవచ్చింది."

వెళ్ళిపోయింది. నేను ఒకవైపు నురగతో అలా నిలబడి ఉన్నాను.

ఎప్పటినుంచి? జిడ్డుగా ఉందని అన్న రోజు నుంచి. అంతకు ముందు నుంచే. రోజుకు ఎన్నిసార్లు? అద్దాలకు, ముక్కు మెత్తలకు, కణతల దగ్గర పట్టీకి. దాన్నే చీకుతుంది. చీకుతుందని ఇంకా ఎక్కువ కొడుతుంది. ఒకే వైపుకి తుడవమని నేర్పింది నేను.

దాని కణతల మీద వెంట్రుకలు పట్టీ దారినే మొలిచాయి. నేను కత్తిరించి కట్టిన పట్టీ. వారం వారం ఆ కళ్ళజోడు సరిచేసింది నేనే. చూడలేదు. కాదు, చూశాను. చూసి జోకు వేశాను.


మే 18, మధ్యాహ్నం

సీసాలు రెండూ ఖాళీ చేసి కడిగాను. షాపు నుంచి అసలు నీళ్ళు తెచ్చి పోశాను. పట్టీ పీకి కొత్తది వేశాను, ముక్కు మెత్తలు మార్చాను. మా ఆవిడ ఒకసారి తుడిచి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇదీ, ఇవి కదా అసలు నీళ్ళు. ఎంత తేటగా ఉన్నాయో" అంది. ఎన్ని రోజుల తర్వాతో మొదటిసారి కొంచెం నవ్వింది.

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. మందు పోయింది. ఇక దాని ఒంట్లోంచి కూడా మెల్లిగా పోతుంది. గుండె సర్దుకుంటుంది, వెంట్రుకలు రాలతాయి. డాక్టర్లు ఏదో తగ్గింది అనుకుంటారు. చెబితే ఏం వస్తుంది? తను నన్ను ఇక ఎప్పటికీ నమ్మదు, అంతేగా వచ్చేది. పెద్దాయన అననే అన్నాడు, ఊరుకున్నంత ఉత్తమం లేదని.

స్కాన్ రేపు. మత్తు రేపు.


మే 19, పొద్దున

చెప్పను. స్కాన్ తియ్యడం కూడా మంచిదే. ఏమీ లేదని తేలుతుంది, తన మనసు కుదుటపడుతుంది.


మే 19, సాయంత్రం

చెప్పేశాను.

ఆ గది చల్లగా ఉంది. కళ్ళజోడు తియ్యమంది నర్సు. మా ఆవిడ తీసి, అలవాటుకొద్దీ కొంగుతో ఒకసారి తుడిచి, నా చేతిలో పెట్టింది. పిల్ల నా చంకలో ఉంది. అద్దాలు లేకపోతే దానికి దగ్గరున్న మనిషి కూడా సరిగ్గా కనపడడు. నర్సు చేతులు చాపగానే నా మొహం తడిమి, రెండు చెవులూ పట్టుకుంది. గట్టిగా. నర్సు లాగితే వదలలేదు. నా చెవులు మండుతున్నాయి, దాని గుండె నా ఛాతీకి తగులుతోంది, ఎంత వేగమో.

"డాక్టరమ్మా, ఆగండి" అన్నాను. "నేను వాడుతున్నాను. నెత్తికి రాసే మందు. మార్చి నుంచి."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏం మందు?"

"పిల్ల మీ తలను ముట్టుకుంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ. అద్దాలు తుడిచే సీసాలో పోసి పెట్టాను. కనపడకుండా ఉంటుందని."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మా ఆవిడకు అయింది. అర్థమవుతుంటే చూశాను. ముందు నన్ను చూసింది, తర్వాత పిల్లను, తర్వాత తన చేతివేళ్ళను.

"రబ్బరు బ్యాండు సీసానా?"

"అవును."

"పట్టీకి ఎక్కువ కొట్టేదాన్ని" అంది డాక్టరమ్మతో, నాతో కాదు. "చీకుతుంది కదా, శుభ్రంగా ఉండాలని. రోజుకు పది పదిహేనుసార్లు. నిన్న పొద్దున కూడా..."

ఆ తర్వాత నాతో అంది. గొంతు పెంచలేదు.

"నా చేత్తో పూయించావు నువ్వు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ నన్ను మీరు తప్ప అనలేదు. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుంది. ఈసారి అది చెవులు వదిలేసింది.

స్కాన్ ఆపేశారు. గుండె కనిపెట్టి చూడాలని పిల్లను అక్కడే ఉంచుకున్నారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఆ రోజు అడిగాను కదండీ" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.


మే 20

ఇంట్లోనూ షాపులోనూ ఉన్న నీలం సీసాలన్నీ సంచిలో వేసి ఆసుపత్రికి తెమ్మంది మా ఆవిడ. ఏది ఏదో తనకు తెలియదు కదా. డాక్టరమ్మ ఒక్కటి చూసి చాలంది. మా ఆవిడ మాత్రం అన్నిటి మూతలూ తీసి సింకులో వంపేసింది. చేతులు కడుక్కుంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళి కడుక్కుంది.


మే 21

అత్తగారికి తెలిసింది. "భోజనం చేశారా బాబూ?" అని మాత్రం అడిగారు.


మే 23

గుండె వేగం తగ్గింది. ఇంటికి పంపించారు. ఇంకేం రాయను.


జూన్ 12

మాత్రలు కూడా పారేశాను. ఎవరూ పారెయ్యమనలేదు, ఆ మాత్రల సంగతి ఎవరికీ తెలియదు కూడా. ఆ సంగతీ తనతో చెప్పాను. "సరే" అంది.

మళ్ళీ మీరు అంటోంది. ఏమండీ, మీకు ఫోనొచ్చింది. ఏమండీ, మీ బట్టలు మంచం మీద పెట్టాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా మీరు అనే అంటారు.

ఇప్పుడు అద్దాలు నేనే కడుగుతున్నాను. మామూలు సబ్బు, మామూలు నీళ్ళు, తను చూస్తుండగా.


జులై 3

గుడ్లమ్మ దిండు మీద వెంట్రుకలు కనిపించాయి. సన్నటివి, పొట్టివి. మార్చిలో నా దిండు మీద కనిపించినప్పుడు కాళ్ళ కింద నేల జారినట్టయింది. ఇవాళ వాటిని ఏరి గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను, ఏడుపాగలేదు.


జులై 20

నెత్తి డాక్టరు రమ్మంటే వెళ్ళాను. టోపీ తీయించి, లైటు పెట్టి చూసి, "బ్రహ్మాండంగా వస్తున్నాయి. మందు సరిగ్గా వాడుతున్నట్టున్నారు" అన్నాడు.

"ఆపేశాను. రెండు నెలలైంది."

"పాత జుట్టు కొంచెం పలచబడుతుంది అయితే. నాటినవాటికి ఢోకా లేదు, వాటికి మందుతో పనే లేదు. అప్పుడే చెప్పాను కదా."

చెప్పాడు. మార్చి ఎనిమిదిన చెప్పాడు. నా చేత్తో నేనే పైన రాసుకున్నాను. వెనక్కి తిప్పి చదివితే అక్షరం పొల్లుపోకుండా ఉంది. పనే లేని మందు కోసం నా పిల్ల గుండెను పరుగెత్తించాను.




ఆగస్టు 9

పెద్దాయన అందరికీ నన్ను చూపించుకుంటున్నాడు. "మావాడి పంట చూశారా" అంటాడు. ఇవాళ ఫ్రేము బిగిస్తుంటే ఒక ముసలావిడ, "చక్కటి జుట్టు బాబూ నీది" అంది. స్క్రూ చేతిలోంచి జారిపోయింది. వంగి వెతుకుతూ ఉండిపోయాను.


ఆగస్టు 30

పిల్ల వీపు నున్నగా అయింది. కనుబొమల మధ్య చర్మం కనిపిస్తోంది. కణతల దగ్గర ఇంకా కొంచెం ఉంది, వెలుతురులోకి తిప్పితేనే తెలుస్తుంది. గుండె బాగుందని నిన్న డాక్టరమ్మ రాసిచ్చింది.

సాయంత్రం షాపు నుంచి వచ్చి నేల మీద కూర్చున్నాను. గుడ్లమ్మ పాక్కుంటూ లేస్తూ వచ్చి నా వీపెక్కబోయింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి అది నా భుజాలెక్కలేదు. మే నెల తర్వాత ఎక్కబోతే మా ఆవిడ ఎత్తుకుపోయేది. ఇవాళ కూడా వంటింట్లోంచి వచ్చింది.

పిల్లను పక్కకు జరిపి, నా తల మీదికి వంగింది. ఏం చేస్తోందో అర్థం కాక కదలకుండా కూర్చున్నాను. పాలు విరిగాయేమోనని గిన్నె దగ్గర మొహం పెట్టి చూస్తామే, అలా వాసన చూసింది. ముందు వైపు, తర్వాత నడినెత్తి, తర్వాత చెవుల వెనక. తొందరేం లేదు. నా చేతులు రెండూ పట్టుకుని అరచేతులు కూడా వాసన చూసింది.

"ఒట్టు, ఏమీ..." అనబోయాను.

"ఒట్లు వద్దు" అంది.

ఆ తర్వాత పిల్లను ఎత్తి నా భుజాల మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

లేచి నిలబడ్డాను. గోడకున్న అద్దంలో ఇద్దరం కనిపించాం. నా నెత్తి మీద గుప్పెడు కాదు, గంపెడు జుట్టు, నల్లగా, ఒత్తుగా. పిల్ల చేతులు రెండూ ఆ జుట్టుకోసం గాల్లో తడుముకోలేదు. తిన్నగా కిందికి వచ్చి నా చెవులు పట్టుకున్నాయి.

ఇల్లంతా రెండుసార్లు తిప్పాను. రేపు షాపు నుంచి రాగానే మళ్ళీ వాసన చూస్తుంది. తల వంచుకుని కూర్చుంటాను.